గాల్లో ఇంజిన్‌కు ఇబ్బంది వస్తే సీట్లో కూర్చున్న మీరు చేయాల్సిన పనులు

కిందటి వేసవిలో విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వెళ్లే విమానంలో 8 ఏ సీట్లో, అంటే ఎడమవైపు కిటికీ పక్కన కూర్చున్నాను. విమానం సముద్రం దిక్కుగా ఎగిరి, పోర్టు క్రేన్లు కిందికి జారిపోతున్న సమయంలో నా కిటికీ కింద నుంచి వరసగా మూడుసార్లు దద్దరిల్లే చప్పుడు వచ్చింది. ఇంజిన్ మూతి దగ్గర నారింజ రంగు వెలుగు రెప్పపాటు మెరిసి ఆరిపోయింది, విమానం ముక్కు ఒక్క క్షణం ఎడమకు లాగినట్టయింది. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ రాజాం నుంచి కొడుకు దగ్గరికి మొదటిసారి విమానంలో వెళుతున్నారు. నా ముంజేయి గట్టిగా పట్టుకుని, "ఏటి బాబూ ఆ సప్పుడు? టైరు గాని పేలిందేటి?" అని అడిగారు.

నాలుగైదు నిమిషాల తర్వాత క్యాబిన్ సిబ్బందిలోని ఒక అమ్మాయి మా వరుస దగ్గరికి వచ్చి, చప్పుడు ఏ వైపు నుంచి వచ్చిందని అడిగింది. ముందు వరుసలోని ఆయన "సముద్రం వైపు" అన్నారు. అప్పటికి మేము రెండు వైపులా సముద్రమే ఉన్నచోటికి వచ్చేశాము. నడవకు అవతల కూర్చున్న కుర్రవాడు తనకు ఎదురుగా నిలబడిన ఆ అమ్మాయి చేతిని బట్టి చూసి "కుడివైపు" అన్నాడు. నేను "ఏ సీట్ల వైపు ఇంజిన్, మూడు చప్పుళ్లు, ఒక మెరుపు, ఇప్పుడేమీ లేదు" అన్నాను. ఆమె తల ఊపి ఇంటర్‌కమ్ దగ్గరికి వెళ్లింది.

విమాన ఇంజిన్ల మరమ్మతులో ఇరవై రెండేళ్లు పనిచేసి, ఇప్పుడు గాజువాకలో విశ్రాంతిగా ఉంటున్న నాకు ఆ ముగ్గురి జవాబుల మధ్య తేడా చాలారోజులు మనసులో మెదిలింది. ఇంజిన్‌కు ఇబ్బంది వచ్చినప్పుడు ప్రయాణికుడు చేయగలిగేది ఏమీ లేదని, దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చోవడమేనని చాలామంది అనుకుంటారు. దేవుణ్ణి తలుచుకోవద్దని నేననను గానీ, చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనది చూసినదాన్ని చూసినట్టు చెప్పడం.

ఎక్కగానే

సీట్లో కూర్చున్న వెంటనే మీ వరుస నుంచి ముందున్న తలుపుకు ఎన్ని వరుసలో, వెనకనున్న తలుపుకు ఎన్ని వరుసలో సీట్ల వీపులను కళ్లతో లెక్కపెట్టి, ఆ రెండు అంకెలనూ గుర్తుపెట్టుకోండి. పొగ కమ్మితే బాణం గుర్తులు కనబడకపోవచ్చు, చేత్తో తడుముతూ లెక్కపెట్టుకుంటూ పోవలసి రావచ్చు. రెక్క మీదికి తెరుచుకునే తలుపులు కూడా తలుపులే, వాటిని మరిచిపోకండి. మందులు, ఫోను, గుర్తింపు కార్డు సంచిలో కాకుండా జేబులోనో నడుముకు కట్టుకునే చిన్న బటువులోనో ఉంచుకోండి. ఎందుకో దిగే ఘట్టంలో చెబుతాను. విమానం ఎత్తుకు చేరేవరకు చెప్పులు విప్పకండి.

బెల్టును ఒకసారి పెట్టి, ఒకసారి తీసి చూడండి. ఇది మొదటిసారి ఎక్కినవారికి చెప్పే మాట అని తీసిపారేయకండి. కారు బెల్టును బొత్తాం నొక్కి తీస్తాము, విమానం బెల్టును మూత ఎత్తి తీయాలి. కంగారులో చేయి అలవాటు ప్రకారం లేని బొత్తాం కోసం వెతుకుతుంది. నా పక్కనున్న పెద్దావిడకు ఈ చిక్కు లేదు, ఆమె ఎప్పుడూ కారు బెల్టు పెట్టుకోలేదట.

తర్వాత మీరు ఏ వైపు కూర్చున్నారో సీటు అక్షరంతో గుర్తుంచుకోండి. నడవకు ఇటు మూడు, అటు మూడు సీట్లు ఉండే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 రకాల్లో ముందుకు తిరిగి కూర్చుంటే ఏ, బి, సి ఎడమవైపు, డి, ఇ, ఎఫ్ కుడివైపు వస్తాయి. విశాఖలో ఈ అక్షరాల అవసరం మరీ ఎక్కువ. తూర్పుగా, సముద్రం దిక్కుకు ఎగిరితే డాల్ఫిన్స్ నోస్ కొండ మీకు కుడివైపు ఉంటుంది, అదే విమానం సముద్రం మీదుగా వచ్చి దిగేటప్పుడు ఆ కొండ ఎడమవైపుకు వస్తుంది. కొండ వైపనీ, ఊరి వైపనీ, సముద్రం వైపనీ చెబితే వినేవారికి ఏమీ అర్థం కాదు. విశాఖ విమానాశ్రయం ఉన్నది ఐఎన్ఎస్ డేగా అనే నౌకాదళ స్థావరంలో కాబట్టి ఇక్కడ ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు ఫోటోలు, వీడియోలు తీయరాదు. కళ్లతోనే చూడండి.

కంగారు పడనవసరం లేని చప్పుళ్లు

విశాఖ గాలిలో తేమ ఎక్కువ. మే నెలలో తలుపులు మూసి ఏసీ గట్టిగా పెట్టగానే తల మీది సన్నని సందుల్లోంచి తెల్లని పొగమంచు ధారగా దిగుతుంది. దానికి వాసన ఉండదు, కాసేపట్లో కరిగిపోతుంది. అది పొగ కాదు. ఎయిర్‌బస్ విమానం నేల మీద ఉన్నప్పుడు కాళ్ల కింద నుంచి కుక్క మొరిగినట్టు, రంపంతో కోసినట్టు వినబడే చప్పుడు హైడ్రాలిక్ వ్యవస్థలో ఒక భాగానిది. ఎగిరిన వెంటనే దబ్బుమనేది చక్రాలు లోపలికి వెళ్లి తలుపులు మూసుకోవడం. ఎక్కువమందిని బెదరగొట్టేది మాత్రం వీటి తర్వాత వస్తుంది. వెయ్యి, పదిహేను వందల అడుగుల ఎత్తు దగ్గర పైలట్లు ఎగరడానికి వాడిన శక్తిని తగ్గించి, పైకెక్కడానికి సరిపడినంత ఉంచుతారు. అప్పుడు ఇంజిన్ మోత ఒక్కసారిగా తగ్గి, కడుపులో జారినట్టు అనిపిస్తుంది. ఇంజిన్ ఆగిపోయిందని అప్పుడు పక్కవారికి చెప్పే పెద్దమనుషులు ప్రతి విమానంలో ఒకరైనా ఉంటారు.

నిజమైన ఇబ్బంది లక్షణాలు వేరు. దీపావళి బాంబులా ఒక్కసారో, వరసగా కొన్నిసార్లో పేలుడు చప్పుడు రావడం, దానితో పాటు ఇంజిన్ ముందు నుంచో వెనక నుంచో మంట తన్నుకురావడం. దీన్ని మేము సర్జ్ అంటాము. ఇంజిన్ లోపల గాలి సాఫీగా వెనక్కి పోకుండా తిరగబడినప్పుడు ఇలా జరుగుతుంది. పక్షి దూరినా, లోపలి రెక్కలు అరిగినా రావచ్చు, చాలాసార్లు శక్తి తగ్గించగానే అణగిపోతుంది. పక్షి దూరితే ఈకలు, మాంసం కాలిన వాసన లోపలికి వస్తుంది. ఆగకుండా వచ్చే గట్టి అదురు, నూనె మాడిన వాసన, రెక్క కింద నుంచి ఆరకుండా కనబడే మంట ఇంకా తీవ్రమైనవి. ఇంజిన్ చప్పుడు లేకుండా ఆగిపోయిందంటే విమానం కొంచెం పక్కకు తిరిగినట్టు, మోత ఒకవైపే మిగిలినట్టు తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియకపోవచ్చు.

మొదటి అయిదు నిమిషాలు

బెల్టు బిగించండి, లేవకండి, కిటికీ తెర తెరిచి ఉంచి చూడండి. పైలట్ల నుంచి కొన్ని నిమిషాలపాటు ఒక్క మాట కూడా రాకపోవచ్చు. ఆ మౌనాన్ని చూసి భయపడకండి, అప్పుడు వారు చేయవలసింది విమానాన్ని నడపడం, మనతో మాట్లాడడం తర్వాతి సంగతి. రన్‌వే మీద ఒక వేగం దాటాక ఒక ఇంజిన్ పోయినా ఆగకుండా ఎగిరి, మిగిలిన ఇంజిన్‌తోనే నిర్దేశించిన వాలుతో పైకెక్కగలదని లెక్కగట్టి చూపిన తరువాతే ఆ విమానాన్ని, ఆ బరువుతో, ఆ రోజు ఎండలో ఎగరనిస్తారు. విశాఖలాగా చుట్టూ కొండలున్న చోట ఒక ఇంజిన్ పోతే ఎటు తిరగాలో కూడా ముందే గీసి పెట్టుకుంటారు. నేల నుంచి కనీసం 400 అడుగులు దాటేవరకు చక్రాలు ఎత్తడం, హెచ్చరిక మోత ఆపడం తప్ప పైలట్లు ఇంజిన్ జోలికి పోరు. ఆ పైన కూడా ఒకరు మీట మీద చేయి వేసి ఏ ఇంజిన్‌దో పైకి చెబితే, రెండోవారు చూసి సరే అన్న తర్వాతే దాన్ని కదుపుతారు.

ఈ నెమ్మదికి కారణం ఉంది. 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లో కెగ్‌వర్త్ ఊరి దగ్గర కూలిన బోయింగ్ 737-400 విమానంలో చెడింది ఎడమ ఇంజిన్, పైలట్లు ఆపింది కుడి ఇంజిన్. చెడిన ఇంజిన్ శక్తిని తగ్గించినప్పుడు అదురు కొంత సద్దుమణగడంతో తాము చేసింది సరైనదే అనుకున్నారు. దిగబోయే ముందు ఆ ఇంజిన్ కూడా పోయింది. 126 మందిలో 47 మంది చనిపోయారు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో కూలిన ఏటీఆర్ 72 కథ కూడా ఇటువంటిదే, అక్కడ 43 మంది పోయారు. రెండుచోట్లా ఒక ఇంజిన్ బాగానే ఉంది. తొందరలో దాన్నే ఆపారు.

కెగ్‌వర్త్ విషయంలో మనకు సంబంధించిన ముక్క ఇంకొకటి ఉంది. కుడి ఇంజిన్‌కు ఇబ్బంది వచ్చిందని కెప్టెన్ మైకులో చెప్పారు. ఎడమ ఇంజిన్ నుంచి నిప్పురవ్వలు రావడం కిటికీల్లోంచి చూసిన ప్రయాణికులు అది విని అయోమయపడ్డారు. కానీ వారిలో ఒక్కరి మాటా కాక్‌పిట్‌కు చేరలేదు. అంత పెద్ద ఆయనకు మనం చెప్పేదేమిటి అనుకునే స్వభావం ఇంగ్లీషువారికే పరిమితం కాదు.

ఎలా చెప్పాలి

మొదటి నిమిషాల్లో సిబ్బంది కూడా బెల్టులు పెట్టుకుని కూర్చునే ఉంటారు. మంట ఆరకుండా కనబడుతుంటే ఆగకండి, పిలిచే బొత్తాం నొక్కి గట్టిగా చెప్పండి. ఒకసారి వచ్చి ఆగిపోయినదైతే వారు లేచి వచ్చేవరకు ఆగి చెప్పవచ్చు. చెప్పేటప్పుడు మీ సీటు నంబరు, ఏ అక్షరం వైపు, ఏమి చూశారు లేదా విన్నారు, ఎప్పుడు, ఇంకా ఉందా ఆగిందా అన్నవి చాలు. తలుపుల దగ్గర కూర్చునే సిబ్బందిలో చాలామంది వెనక్కి తిరిగి, మీకు ఎదురుగా కూర్చుంటారు కాబట్టి వారి ఎడమ మీకు కుడి అవుతుంది. కుడి, ఎడమ అనేకన్నా "ఎఫ్ సీట్ల వైపు ఇంజిన్" అంటే తిరకాసు ఉండదు.

మీ ఊహను మాత్రం కలపకండి. "ఇంజిన్ పేలిపోయింది" అనేది ఊహ, "మూడు చప్పుళ్లు, ఒక మెరుపు" అనేది చూసినది. నూనె కారుతోందని మీకు అనిపిస్తే, "రెక్క మీద తడి గీత కనబడుతోంది" అనండి. అది ఇంధనమా, నూనెనా, నీళ్లా అన్నది లోపల మీటర్లు చూసేవారు తేల్చుకుంటారు. కెప్టెన్ మైకులో చెప్పిన వైపూ, మీరు చూసిన వైపూ వేరైతే మొహమాటం పెట్టుకోకుండా వెంటనే సిబ్బందికి చెప్పండి. మీరే పొరపాటు పడి ఉంటే పోయేదేమీ లేదు.

తిరుగు ప్రయాణంలో

రెండు ఇంజిన్ల విమానంలో ఒకటి ఆపివేస్తే దగ్గరలోని అనువైన విమానాశ్రయంలో దిగాలి. విశాఖ నుంచి అప్పుడే ఎగిరి ఉంటే సాధారణంగా విశాఖకే తిరిగివస్తారు, వాతావరణం బాగాలేకపోతే మరోచోటికి వెళతారు. ఇక్కడి ప్రధాన రన్‌వే పొడవు సుమారు 3,050 మీటర్లు, ఒక ఇంజిన్‌తో దిగే ఎయిర్‌బస్ 320కి అది చాలినంత. వెంటనే దిగకుండా సముద్రం మీద చక్కర్లు కొడితే, లంగరు వేసి ఉన్న అదే ఓడ మీ కిటికీలోంచి రెండోసారి, మూడోసారి కనబడితే, దిగలేక తిరుగుతున్నారనుకోకండి. పాటించాల్సిన పట్టిక పూర్తిచేయడానికీ, రన్‌వే పక్కన అగ్నిమాపక బండ్లు సిద్ధం కావడానికీ, కొన్నిసార్లు బరువు తగ్గించడానికీ ఆ సమయం కావాలి. ఎయిర్‌బస్ 320 నియో 79 టన్నుల దాకా బరువుతో ఎగరగలదు గానీ మామూలుగా దిగడానికి పరిమితి 67 టన్నుల పైచిలుకు. గాల్లో ఇంధనం పారబోసే ఏర్పాటు దానికి లేదు, కాబట్టి కాల్చవలసిందే. హైదరాబాద్ విమానానికి ఈ చిక్కు దాదాపు ఉండదు, ఢిల్లీ విమానానికి రావచ్చు. మంటే వచ్చి ఉంటే బరువు లెక్క పక్కనబెట్టి దిగిపోతారు.

అరుదుగా ఇంజిన్ ముక్కలు తగిలి కిటికీ పగలవచ్చు. 2018 ఏప్రిల్ 17న అమెరికాలో ఒక 737 విమానంలో అలాగే జరిగి ఒక ప్రయాణికురాలు చనిపోయారు. అటువంటప్పుడు పైనుంచి ఆక్సిజన్ మాస్కులు కిందపడితే ముందు మీరు లాగి పెట్టుకుని, తర్వాతే పిల్లలకు పెట్టండి. 35,000 అడుగుల ఎత్తులో మాస్కు లేకుండా స్పృహతో పనిచేయగలిగేది అర నిమిషం నుంచి ఒక నిమిషం. మాస్కుకు ఉన్న ప్లాస్టిక్ సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది. ముక్కు, నోరు రెండూ మాస్కు లోపల ఉండాలి. ఆ విమానంలో చాలామంది ముక్కు బయటికి వదిలి పెట్టుకున్నట్టు ఫోటోల్లో చూశాము.

సింగపూర్ విమానంలాగా బంగాళాఖాతం దాటేవాటిలో లైఫ్ జాకెట్ ధరించమన్నారంటే ధరించండి, లోపల ఉండగా గాలి నింపకండి. 1996 నవంబరు 23న కొమొరోస్ దీవుల దగ్గర ఇంధనం అయిపోయి సముద్రంలో పడిన విమానంలో లోపలే జాకెట్లు ఉబ్బించుకున్నవారు నీళ్లు నిండుతున్నకొద్దీ పైకప్పుకు తేలి బయటికి రాలేకపోయారు.

రెండు ఇంజిన్లూ పోతే అన్న ప్రశ్న అందరికీ ఉంటుంది. ఎత్తు ఉంటే సమయం ఉంటుంది. 2001 ఆగస్టు 24న ఇంధనం కారిపోయిన ఒక ఎయిర్‌బస్ 330 అట్లాంటిక్ మీద ఇంజిన్లు లేకుండా పంతొమ్మిది నిమిషాలు జారుకుంటూ వచ్చి అజోర్స్ దీవిలో దిగింది, అందరూ బతికారు. ఎత్తు లేనప్పుడు సంగతి వేరు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన విమానంలో, ఎగిరిన క్షణాల్లోనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ ఒకదాని వెంట ఒకటి ఆపే స్థితికి మారినట్టు ప్రాథమిక నివేదిక చెబుతోంది. అటువంటి చోట ప్రయాణికుడి చేతిలో ఏమీ ఉండదు, ఈ వ్యాసంలో చెప్పిన పనులేవీ దానికి పనికిరావు.

దిగాక

రన్‌వే పక్కన ఎర్ర దీపాలతో బండ్లు వెంటబడడం ముందుజాగ్రత్త మాత్రమే. విమానం ఆగిన తర్వాత బెల్టు తీయకుండా కూర్చోండి. చాలాసార్లు అగ్నిమాపక సిబ్బంది ఇంజిన్‌ను చూసి ఫరవాలేదంటే మామూలుగా మెట్ల మీదుగానే దిగుతారు. ఖాళీ చేయమని ఆదేశం వస్తే అది ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తుంది, పక్కనున్న పెద్దవారికి దాన్ని తెలుగులో చెప్పడం మీ వంతు.

అప్పుడు సంచి ముట్టుకోకండి. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయ్ వెళ్లి రన్‌వే మీద పడి తగలబడిన 777 విమానంలో 300 మందీ బతికారు, కానీ పొగలో నిలబడి పైనున్న సామాను దించుకుంటున్న మనవారి వీడియో చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సగం తలుపులతోనే 90 సెకన్లలో అందరూ బయటపడగలరని చూపితేనే విమానానికి అనుమతి ఇస్తారు, ఆ పరీక్షలో ఎవరూ పెట్టె మోసుకుపోరు. తలుపు దగ్గర గాలితో ఉబ్బే జారుడు బల్లను పెట్టె మూల చింపగలదు కూడా. మందులు, కార్డు జేబులో పెట్టుకోమన్నది ఇందుకే.

తలుపు దగ్గర కూర్చున్నవారైతే తెరిచేముందు కిటికీలోంచి బయట చూడండి. మంటో పొగో ఉంటే ఆ తలుపు వదిలి రెండో వైపుకు పంపండి. రెక్క మీదికి దిగాక ఇంజిన్ ఇంకా తిరుగుతోందేమో చూసుకోండి. 2016 అక్టోబరు 28న చికాగోలో ఒక ఇంజిన్ పేలి ఖాళీ చేస్తుండగా, తిరుగుతున్న రెండో ఇంజిన్ వెనక గాలికి ఒకరు పడి తీవ్రంగా గాయపడ్డారు. దిగిన తర్వాత గాలికి ఎదురుగా, విమానానికి దూరంగా నడవండి.

చివరి పని టెర్మినల్‌కు చేరకముందే చేయాలి. మరో గంటకు నలుగురు నాలుగు రకాలుగా చెప్పడం విని, మీ జ్ఞాపకం వారిదానితో కలిసిపోతుంది. బోర్డింగ్ పాస్ వెనకనో, ఫోనులోనో సమయం, సీటు, వైపు, చూసినది రాసిపెట్టండి. ఆ రోజు నేను "8 ఏ. ఎగిరిన నిమిషంలోపు. ఏ వైపు ఇంజిన్. మూడు చప్పుళ్లు, మూతి దగ్గర ఒక మెరుపు, ఎడమకు లాగింది. కాలిన మాంసం వాసన రెండు నిమిషాలు" అని రాసి, మెట్ల కింద నిలబడిన ఇంజినీరు చేతిలో పెట్టాను. అతను చదివి, టార్చిలైటు తీసుకుని నేరుగా ఎడమ ఇంజిన్ దగ్గరికి నడిచాడు. లోపలి రెక్కలకు గద్ద ఈకలు అంటుకుని ఉన్నాయని, వేరే విమానం కోసం ఎదురుచూస్తూ ఆ పెద్దావిడా నేనూ ఇడ్లీ తింటుండగా తెలిసింది.